అమ్మకి ఎంఆర్ఐ రాశారు, ఏం చూసుకోవాలి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒక పల్లె. అమ్మకి 58 ఏళ్లు. మూడు నెలలుగా నడుం నొప్పి. ఎడమ కాలి వేళ్ల దాకా లాగుతోంది, బొటనవేలు మొద్దుబారింది అంటోంది. శ్రీకాకుళంలో డాక్టరుగారు నడుముకి ఎంఆర్ఐ తీయించమని రాశారు. అమ్మ ఒప్పుకోవడం లేదు. 2018లో తిత్లీ తుపానప్పుడు గోడ కూలి కుడికాలు విరిగితే లోపల రాడ్డు వేశారు. ఆ మిషన్ రాడ్డుని లాగేస్తుందని ఎవరో చెప్పారు. రెండేళ్లుగా కిడ్నీ మందులు వాడుతోంది, పోయిన నెల కిడ్నీ రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.4 వచ్చింది. స్కాన్‌కి ఎక్కించే మందుతో ఉన్న కిడ్నీ కూడా పోతుందని పక్కింటివాళ్లు భయపెట్టారు. పుస్తెలు తీయనంటే తీయనని ఒకటే పట్టు. గొట్టంలో ఊపిరాడదని ఇంకో భయం. రేడియేషన్ ఎంత తగులుతుంది? మధ్యలో కరెంటు పోతే ఏమవుతుంది? నేను విశాఖలో వెల్డింగ్ పని చేస్తాను, సెలవు పెట్టి వచ్చాను. నన్ను అమ్మ పక్కన ఉండనిస్తారా? దయచేసి చెప్పండి.

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చాలామంది "మా అమ్మకి ఎంఆర్ఐ రాశారు, మంచిదేనా" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. మీరు రాడ్డు సంగతి, క్రియాటినిన్ అంకె, మీరు చేసే పని, అన్నీ రాశారు. స్కాన్ గది తలుపు దగ్గర కూడా సరిగ్గా ఇలాగే చెప్పండి, వాళ్లు అడిగినా అడగకపోయినా. నేను రేడియాలజిస్టుని. విజయనగరంలో ఏళ్ల తరబడి ఈ ఫిల్ములు చదవడమే నా పని. ఎంఆర్ఐ దగ్గర ఇబ్బంది వచ్చిందంటే, నేను చూసినంతలో, ఎవరో ఒకరు చెప్పకుండా వదిలేసిన మాట ఒకటి దాని వెనక ఉంటుంది. అందుకే మీ అమ్మగారి భయాలు ఒక్కొక్కటిగా తీసుకుని, వాటితోపాటు మీరు అడగని విషయాలు రెండు కూడా చెబుతాను.

రేడియేషన్ సంగతి ముందు తేల్చేద్దాం. ఎంఆర్ఐలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. ఎక్స్‌రేలోనూ సీటీ స్కాన్‌లోనూ ఉంటాయి. మన ఊళ్లలో అన్నిటినీ కలిపి 'స్కానింగ్' అనేస్తాం కాబట్టి ఒకదాని భయం ఇంకోదానికి అంటుకుంది. ఎంఆర్ఐలో ఉండేది పెద్ద అయస్కాంతం, రేడియో తరంగాలు. మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే కదా, ఆ నీళ్లలోని హైడ్రోజన్ పరమాణువుల కేంద్రాలు అయస్కాంతం ప్రభావానికి ఒక వరసలో సర్దుకుంటాయి. రేడియో తరంగం పంపి వాటిని కాస్త కదిలిస్తే, తిరిగి సర్దుకునేటప్పుడు అవి చిన్న సంకేతం ఇస్తాయి. ఆ సంకేతాన్ని పట్టుకుని కంప్యూటర్ బొమ్మ కడుతుంది. నరం, డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త), వెన్నుపాము లాంటి మెత్తటి భాగాలు ఎక్స్‌రేలో కనపడవు, ఇందులో స్పష్టంగా కనపడతాయి. మీ అమ్మగారి కాలు లాగడానికి, వేలు మొద్దుబారడానికి ఏ నరం ఎక్కడ నలుగుతోందో చూడాలంటే ఇదే సరైన పరీక్ష. ఉత్త నడుం నొప్పి, అదీ మొదలై రెండు మూడు వారాలే అయితే నేనే "తొందర లేదు, ఆగండి" అనేవాడిని. మూడు నెలల నొప్పి, కాల్లోకి లాగడం, పైగా మొద్దుబారడం. మీ డాక్టరుగారు రాసింది సబబే.

ఇక అయస్కాంతం. మామూలుగా మన దగ్గర ఉండేవి 1.5 టెస్లా మిషన్లు, కొన్నిచోట్ల 3 టెస్లా. 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత శక్తికి సుమారు 30 వేల రెట్లు. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, ఈ అయస్కాంతం ఎప్పుడూ ఆఫ్ అవదు. రాత్రి సెంటర్ మూసి తాళం వేసినా, స్కాన్ నడవకపోయినా, కరెంటు పోయినా అది పనిచేస్తూనే ఉంటుంది. దాని తీగ చుట్టలు ద్రవ హీలియంలో, సున్నాకి 269 డిగ్రీలు కింద చల్లదనంలో ఉంటాయి. ఆ చలిలో తీగకి అడ్డు ఉండదు, ఒకసారి ఎక్కించిన కరెంటు అలా తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి "ఇంకా స్కాన్ మొదలవలేదు కదా, ఒక్కసారి లోపలికి వెళ్లొస్తే ఏమవుతుంది" అని ఎవరూ అనుకోకూడదు. అసలు ప్రమాదం అక్కడే.

2018 జనవరిలో ముంబైలో ఒక ఆస్పత్రిలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. బంధువుని చూడ్డానికి వచ్చిన ఒక యువకుడు ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని ఎంఆర్ఐ గదిలోకి వెళ్లాడు. సిలిండర్‌తో సహా మిషన్ లాగేసుకుంది, ప్రాణం పోయింది. 2025 జూలైలో న్యూయార్క్ దగ్గర ఇంకొకాయన, స్కాన్ అయిపోయిన భార్యని బల్ల మీంచి లేపడానికి లోపలికి వెళ్లాడు. మెడలో వ్యాయామానికి వేసుకునే 9 కిలోల ఇనుప గొలుసు ఉంది. ఆయనా దక్కలేదు. ఈ రెండు చోట్లా పోయింది రోగి కాదు, తోడు వచ్చినవాళ్లు. మీరు అమ్మ పక్కన ఉండాలనుకుంటున్నారు కాబట్టి ఈ మాట మీకే గట్టిగా చెబుతున్నాను. నేను పనిచేసిన ఒక సెంటర్లోనే ఒకాయన తన తండ్రిని పట్టుకోబోయి గబగబా లోపలికి నడిచాడు. చొక్కా జేబులో తాళాల గుత్తి. మేం అరిచేలోపే అది గాల్లోకి లేచి మిషన్ అంచుకి ఠంగుమని కొట్టుకుంది. ఎవరికీ తగల్లేదు. ఆ ముసలాయన తల దానికి జానెడు దూరంలో ఉంది.

పుస్తెల విషయానికి వస్తే, మీ అమ్మగారి పట్టుని తేలిగ్గా తీసెయ్యకండి. "ఏముందమ్మా, తీసెయ్" అని కసురుకుంటే ఆవిడ ఇంకా బిగుసుకుపోతారు. గజపతినగరం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నాకు బాగా గుర్తు. "ఏటి బాబూ, ఆయన కళ్లెదురుగా ఉండగా బోసి మెడతో లోపలికెలతానా" అని బయట బెంచీ మీద కూర్చుండిపోయింది. మా టెక్నీషియన్ ఓపికగల అమ్మాయి. పక్క కొట్టుకి పంపి పసుపు కొమ్ము తెప్పించింది, దారానికి పసుపు రాసి కొమ్ము కట్టింది, "తాతా, నువ్వే వెయ్యి" అని ఆయన చేతికిచ్చింది. ఆయన చేతులు వణుకుతున్నాయి, ముడి మూడోసారికి గానీ పడలేదు. అది పడ్డాకే ఆవిడ పుస్తెలతాడు తీసి, కొంగున ముడేసి, మళ్లీ ఆ ముడి విప్పి ఆయన గుప్పెట్లో పెట్టింది. ఆవిడ బయటికొచ్చేదాకా ఆయన ఆ గుప్పెట తెరవలేదు. మీరు పసుపు తాడు, కొమ్ము ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని వెళ్లండి. నాన్నగారిని కూడా తీసుకెళ్లండి. పట్టు సగం అక్కడే సడలుతుంది.

నిజానికి బంగారాన్ని అయస్కాంతం లాగదు. కానీ రేడియో తరంగాలకి లోహం వేడెక్కవచ్చు, బొమ్మ కూడా చెడుతుంది. దానికన్నా ముఖ్యం, మన ఆడవాళ్లు పుస్తెలతాడుకి పిన్నీసులు గుచ్చుకుంటారు కదా, అవి ఇనుము. తాడుకొకటి, జాకెట్టుకి రెండు, లంగా బొందు దగ్గర ఒకటి. ఎన్ని పిన్నీసులు ఉన్నాయో వాళ్లకే గుర్తుండవు. ఇంటి దగ్గరే వెతికి తీసేయండి. తలలో పిన్నులు, సవరానికి గుచ్చినవి, ముక్కుపుడక, చెవి దుద్దులు, మెట్టెలు, మొలతాడు, తాయెత్తు, కట్టుడు పళ్లు, చెవి మిషన్ కూడా అంతే. తాయెత్తు గొట్టం చాలాసార్లు రాగిదో వెండిదో అయినా లోపల ఏముందో ఎవరికీ తెలియదు, తీసెయ్యడమే మంచిది. మెట్టెలు ఊడిరాకపోతే ముందు రోజు రాత్రి సబ్బు నురగతో ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే దాచకుండా టెక్నీషియన్‌కి చూపించండి, ఏం చెయ్యాలో వాళ్లకి తెలుసు. మట్టిగాజులతో ఇబ్బంది లేదు. జరీ అంచు చీర వద్దు, జరీలో లోహపు పోగు ఉండవచ్చు. అక్కడ గౌను ఇస్తారు. ఆవిడకి సిగ్గనిపిస్తే కప్పుకోవడానికి దుప్పటి అడగండి. ఎలాగూ ఆ గది ఏసీతో చల్లగా ఉంటుంది, దుప్పటి కావాల్సిందే.

కాల్లో రాడ్డు గురించి మీరు పడుతున్నంత భయం అక్కర్లేదు. ఎముకలకి వేసే రాడ్లు, ప్లేట్లు, స్క్రూలు దాదాపుగా టైటానియంతో గానీ, అయస్కాంతానికి అంటుకోని రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌తో గానీ చేస్తారు. పైగా ఎముకలో ఏడేళ్లకు పైగా పాతుకుపోయి ఉంది, కదలదు. నడుముకి తీసే బొమ్మని కాల్లోని రాడ్డు పాడుచెయ్యదు కూడా. అయినా ఆ ఆపరేషన్ డిశ్చార్జి కాగితం వెతకండి, దాని మీద రాడ్డు వివరం లేక స్టిక్కరు ఉంటుంది. తుపానులో కాగితాలు పోయి ఉంటే ఆ కాలి ఎక్స్‌రే ఒకటి వెంట తీసుకెళ్లండి. స్కాన్ నడుస్తుండగా రాడ్డు ఉన్నచోట వేడిగా అనిపిస్తే ఓర్చుకుని పడుకోవద్దని, బజర్ నొక్కమని అమ్మకి చెప్పండి. మన అమ్మలకి ఓర్పు ఎక్కువ, అందుకే మరీ చెబుతున్నాను. చేతులు ఒకదానిమీద ఒకటి వేసుకోవడం, కాళ్లు మెలిక వేసుకోవడం కూడా వద్దు. ఒళ్లు ఒంటికి తగిలి వలయంలా ఏర్పడితే ఆ చోట కాలే అవకాశం ఉంటుంది. టెక్నీషియన్ మధ్యలో మెత్తలు పెడతారు, వాటిని తొలగించకూడదు.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి. గుండెకి పేస్‌మేకర్, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్పు, చెవి లోపల అమర్చిన కాక్లియర్ పరికరం, ఒంట్లో మందు పంపే పంపు. ఇవి ఉన్నవాళ్లు ఆ పరికరం కార్డు చూపించి, కంపెనీ, మోడల్ సరిచూసుకున్నాకే లోపలికి వెళ్లాలి. ఇప్పుడు వచ్చే పేస్‌మేకర్లలో ఎంఆర్ఐకి పనికొచ్చేవి ఉన్నాయి, అయినా ముందు గుండె డాక్టరు సెట్టింగ్ మార్చాలి. గుండెలో స్టెంటు ఉన్నవాళ్లకి మామూలుగా ఇబ్బంది లేదు. మీరు రాసినదాన్ని బట్టి మీ అమ్మగారికి ఇవేవీ లేవు కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాను.

మీరు అడగని మొదటి విషయం మీ గురించే. వెల్డింగ్ పని అన్నారు. వెల్డింగ్, గ్రైండింగ్ చేసేవాళ్ల కంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఇనుప రజను పడుతుంది. నీళ్లతో కడుక్కుంటారు, రెండు రోజులు ఎర్రబడి తగ్గిపోతుంది, మర్చిపోతారు. కానీ సన్నటి తునక ఒకటి లోపల ఉండిపోవచ్చు, దాని చుట్టూ పొర కట్టుకుని ఏళ్ల తరబడి ఏ బాధా పెట్టకపోవచ్చు. ఆ కంటితో అయస్కాంతం దగ్గరికి వెళితే తునక కదులుతుంది. అలా కంట్లో రక్తస్రావమై చూపు పోయిన కేసు వైద్య పత్రికల్లో ఉంది. మీరు స్కాన్ చేయించుకోకపోయినా, గదిలో అమ్మ పక్కన కుర్చీలో కూర్చున్నా ఇది మీకు వర్తిస్తుంది. తోడు ఉండేవాళ్లని చాలా సెంటర్లలో అనుమతిస్తారు, కానీ రోగిని అడిగే ప్రశ్నలన్నీ తోడువాళ్లనీ అడగాలి. అడగకపోతే మీరే చెప్పండి: "నేను వెల్డర్‌ని, కంట్లో రజను పడింది." అప్పుడు కంటికి మామూలు ఎక్స్‌రే ఒకటి తీసి లోహం లేదని చూసుకుని పంపిస్తారు. అంత దూరం ఎందుకనుకుంటే మీ అక్కనో పిన్నినో లోపల కూర్చోబెట్టండి, మీరు అద్దం ఇవతల నిలబడండి. అక్కడినుంచి అమ్మ కనపడుతుంది. మీ సైటులో పనిచేసే కుర్రాళ్లకి కూడా ఈ మాట చెప్పండి. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా ఎంతమంది బయటికి వెళుతున్నారో మీకు నాకన్నా బాగా తెలుసు. వాళ్లలో ఎవరికైనా రేపు మోకాలికో తలకో ఎంఆర్ఐ రాయవచ్చు.

ఇప్పుడు కిడ్నీల సంగతి. ఉద్దానం నుంచి ఉత్తరం వచ్చిందంటే నేను ముందు వెతికేది క్రియాటినిన్ అంకె కోసమే. ఆ కొబ్బరితోటల మధ్య ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. తేలని జబ్బు పక్కన పుకార్లు తొందరగా మొలుస్తాయి. అందుకే దీన్ని నిదానంగా చెబుతాను.

ఎంఆర్ఐ మిషన్ వల్ల కిడ్నీకి ఏమీ కాదు. అయస్కాంతానికీ కిడ్నీకీ సంబంధం లేదు. డయాలిసిస్ చేయించుకుంటున్నవాళ్లకి కూడా మామూలు ఎంఆర్ఐ చెయ్యవచ్చు. పక్కింటివాళ్లు చెప్పిన మందు, నరానికి ఎక్కించే గ్యాడోలినియం. దాన్నే 'కాంట్రాస్ట్' అంటారు. ఆ మందు ప్రతి ఎంఆర్ఐకీ అక్కర్లేదు. డిస్క్ జారి నరం నొక్కుకుందేమో చూడ్డానికి మందు లేకుండా తీసే ప్లెయిన్ ఎంఆర్ఐ చాలు. ఇంతకుముందు నడుముకి ఆపరేషన్ అయినవాళ్లకి, చీము పట్టిందనో గడ్డ ఉందనో అనుమానం ఉన్నవాళ్లకే మందు అవసరమవుతుంది. మీ చీటీ మీద ఏం రాశారో చూడండి. 'ప్లెయిన్' అని ఉంటే మీ భయం అక్కడితో సరి. ఏమీ రాసి లేకపోతే డాక్టరుగారికి ఫోన్ చేసి "క్రియాటినిన్ 2.4 ఉందండీ, ప్లెయినే కదా" అని అడిగి తెలుసుకోండి.

పక్కింటివాళ్ల మాట పూర్తిగా గాలికబురు కూడా కాదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లలో ఈ గ్యాడోలినియం ఒంట్లోంచి బయటికి పోక, చర్మం, కీళ్లు చెక్కలా బిగుసుకుపోయే అరుదైన జబ్బు వచ్చింది. ఆ జబ్బుకీ ఈ మందుకీ ఉన్న సంబంధం 2006లో బయటపడింది. గ్యాడోడయమైడ్ లాంటి పాత రకం మందులతోనే అది ఎక్కువగా వచ్చింది. ఇప్పుడు వాడే గ్యాడోబ్యుట్రాల్, గ్యాడోటెరేట్ లాంటి వాటితో ఆ ప్రమాదం చాలా చాలా తక్కువ. ఒకవేళ రేపు నిజంగా కాంట్రాస్ట్ అవసరమైతే, మందు పేరు అడిగి రాయించుకోండి, కిడ్నీ డాక్టరుతో ఒక మాట చెప్పండి. మీ అమ్మగారి వయసుకి క్రియాటినిన్ 2.4 అంటే కిడ్నీ పనితీరు అంకె, దాన్ని ఈజీఎఫ్‌ఆర్ అంటారు, సుమారు 23 వస్తుంది. 30 కంటే తక్కువ కాబట్టి జాగ్రత్త వహించాల్సిన కోవలోకే వస్తారు. సీటీ స్కాన్‌కి ఎక్కించేది అయోడిన్ మందు, అది వేరు. రెండూ కలిపేసుకోకండి, రెండు చోట్లా రిపోర్టు చూపించడం మాత్రం మానకండి.

మీరు అడగని రెండో విషయం ఇదిగో, నాకు అన్నిటికన్నా బెంగగా ఉన్నది ఇదే. మూడు నెలలుగా నొప్పి అంటున్నారు. అమ్మ ఏం మాత్రలు వేసుకుంటున్నారు? మెడికల్ షాపులో "నడుం నొప్పికి ఇవ్వు బాబూ" అంటే ఇచ్చే రంగు మాత్ర, ఊళ్లో ఆర్‌ఎంపీ పొడిచే నొప్పి ఇంజెక్షన్, వీటిలో ఎక్కువగా ఉండేవి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్. క్రియాటినిన్ 2.4 ఉన్న మనిషికి ఇవి నిజంగా హాని చేస్తాయి. ఎంఆర్ఐని తలుచుకుని భయపడుతూ, ఆ భయంతో స్కాన్ వాయిదా వేస్తూ, నొప్పి ఆగక రోజుకి రెండు ఇలాంటి మాత్రలు మింగేవాళ్లని నేను చూశాను. మీరు ఈ రోజే అమ్మ మాత్రల డబ్బా తెరిచి, ఉన్న మాత్రల షీట్లన్నీ ఫొటో తీసి కిడ్నీ డాక్టరుకి చూపించండి. నొప్పికి పారాసిటమాల్ ఎంత వేసుకోవచ్చో ఆయన చెబుతారు. నరం నొప్పికి ఇచ్చే గ్యాబాపెంటిన్, ప్రీగాబాలిన్ మాత్రలు కూడా కిడ్నీ తక్కువగా పనిచేసేవాళ్లకి మోతాదు తగ్గించి ఇవ్వాలి. కాబట్టి నడుం డాక్టరుకి కిడ్నీ సంగతి, కిడ్నీ డాక్టరుకి నడుం సంగతి చెప్పాల్సింది మీరే.

గొట్టం భయానికి వద్దాం. ఆ సొరంగం రెండువైపులా తెరిచే ఉంటుంది. లోపల లైటు ఉంటుంది, గాలి ఆడుతుంది. వెడల్పు 60 సెంటీమీటర్లు, కొత్తవాటిలో 70. ఊపిరాడకపోవడం జరగదు, అలా అనిపించడం మాత్రం జరుగుతుంది. ఆ అనిపించడం కూడా నిజమైన బాధే, ఆవిడని వెక్కిరించకండి. కాళ్లు ముందుగా లోపలికి పంపే వీలుంటుందేమో అడగండి. బల్ల కదలకముందే కళ్లు మూసుకోవాలి, కళ్లమీద చిన్న గుడ్డ వేయించండి. ఒకసారి పైకప్పు ముక్కు దగ్గర కనపడ్డాక కళ్లు మూసుకుంటే లాభం తక్కువ. చేతికి రబ్బరు బంతి లాంటి బజర్ ఇస్తారు, పిసికితే బయట మోగుతుంది, వెంటనే మాట్లాడతారు. లోపలికి వెళ్లేముందే ఒకసారి పిసికి చూసుకోమనండి. అది మోగుతుందని చెవులారా వింటే ధైర్యం వస్తుంది.

చప్పుడు బాగా ఉంటుంది. టకటకటక అని కొంతసేపు, తర్వాత రోడ్డు తవ్వే మిషన్‌లా ఇంకొంతసేపు, మధ్యలో నిశ్శబ్దం. అయస్కాంత బలాన్ని మార్చే తీగ చుట్టలు అదురుతుంటే వచ్చే చప్పుడది, ఏదో చెడిపోయి వచ్చేది కాదు. 100 డెసిబెల్స్ దాటుతుంది కాబట్టి చెవుల్లో ప్లగ్గులో హెడ్‌ఫోన్లో తప్పనిసరి. లోపల కూర్చునే తోడు మనిషికీ అంతే. నడుం స్కాన్‌కి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. 1977 జూలైలో మనిషి ఒంటికి మొట్టమొదటిసారి ఈ పద్ధతిలో బొమ్మ తీసినప్పుడు, ఒక్క అడ్డకోత చిత్రానికి దాదాపు ఐదు గంటలు పట్టింది. ఈ పద్ధతికి పునాది వేసిన లాటర్‌బర్, లెక్కలతో దాన్ని వేగంగా మార్చే దారి చూపిన మాన్స్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్తల వల్లే ఇది తర్వాత నిమిషాల్లోకి వచ్చింది. 2003లో వాళ్లిద్దరికీ నోబెల్ ఇచ్చారు.

మీ అమ్మగారికి అసలు కష్టం వెల్లకిలా కదలకుండా పడుకోవడం. నడుం నొప్పి ఉన్నవాళ్లకి ఐదు నిమిషాలకే నరం లాగుతుంది. ఇంటి దగ్గర రోజుకోసారి చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ల కింద దిండు పెట్టి, అరగంట ఉండగలరేమో చూడండి. సెంటర్లో కూడా మోకాళ్ల కింద మెత్త అడగండి. ఒక్కో చిత్రానికి రెండు నుంచి ఐదు నిమిషాలు, ఆ కాసేపు కదలకపోతే చాలు. చప్పుడు ఆగినప్పుడు గుటక వెయ్యొచ్చు, గట్టిగా ఊపిరి తీసుకోవచ్చు, నడుం మాత్రం కదపకూడదు. కదిలితే ఫొటో చెదిరి మళ్లీ తీయాల్సి వస్తుంది. ఇంత చేసినా టెన్షన్ తగ్గకపోతే, ముందు వేసుకోవడానికి తేలికపాటి మాత్ర డాక్టరే రాస్తారు. మీ అంతట మీరు నిద్రమాత్ర వెయ్యకండి, కిడ్నీ ఉన్న పరిస్థితిలో అసలే వద్దు.

కరెంటు పోతే స్కాన్ ఆగుతుంది, అంతే. అయస్కాంతం మనిషిని పట్టుకుని ఉండదు. బల్లని చేత్తో బయటికి లాగవచ్చు. నడుం స్కాన్‌కి పరగడుపున ఉండక్కర్లేదు. టిఫిన్ తిని, బీపీ మాత్ర, రోజూ వేసుకునే మాత్రలు వేసుకుని వెళ్లండి. లోపలికి వెళ్లేముందు బాత్‌రూమ్‌కి వెళ్లి రమ్మనండి. ఫోన్, ఏటీఎం కార్డు, వాచీ, తాళాలు బయటే. స్కాన్ అయ్యాక వెంటనే తినొచ్చు, బస్సెక్కి ఇంటికి రావచ్చు. కవిటి నుంచి శ్రీకాకుళం రానూపోనూ బస్సు కుదుపులే ఆవిడ నడుముకి స్కాన్ కన్నా ఎక్కువ బాధ, వీలైతే రైల్లో వెళ్లండి. నడుముకి 1.5 టెస్లా సరిపోతుంది, 3 టెస్లా కోసం విశాఖ దాకా పరిగెత్తక్కర్లేదు. ఖర్చు సెంటర్‌కీ సెంటర్‌కీ తేడా ఉంటుంది. ఫోన్ చేసినప్పుడు ప్లెయిన్‌కి ఎంత, ఫిల్ముతోపాటు సీడీ ఇస్తారా అని రెండూ అడగండి. ప్రభుత్వాస్పత్రిలో అయితే ఆరోగ్యమిత్రని కలిసి, ఎన్టీఆర్ వైద్యసేవ కింద వస్తుందేమో ముందే కనుక్కోండి.

రిపోర్టు వచ్చాక ఇంగ్లీషులో భయపెట్టే మాటలు కనపడతాయి. 'డిస్క్ డెసికేషన్' అంటే డిస్క్‌లో నీటి శాతం తగ్గింది అని. 'డిస్క్ బల్జ్' అంటే ఉబ్బింది అని. 2015లో ఒక పరిశీలన వచ్చింది. నడుం నొప్పి అసలే లేని 3,110 మంది స్కాన్ ఫలితాలు కలిపి చూశారు. 20 ఏళ్లవాళ్లలో నూటికి 30 మందికి, 80 ఏళ్లవాళ్లలో నూటికి 84 మందికి డిస్క్ బల్జ్ ఉంది. నొప్పి లేనివాళ్లకే అన్నమాట. కాబట్టి రిపోర్టులో బల్జ్ అని ఉండగానే ఆపరేషన్ అనుకోకండి, ఫోన్లో ఫొటో తీసి పదిమందికి పంపి సలహాలు అడగకండి. మీ అమ్మగారి విషయంలో చూడాల్సింది ఒక్కటే. ఎడమ కాలు లాగుతోంది, ఎడమ బొటనవేలు మొద్దుబారింది. రిపోర్టులో నలిగిన నరం ఎడమవైపుదేనా, ఆ వేలికి వెళ్లేదేనా, అంటే రిపోర్టులో ఎల్5 అని రాసే నడుం ఐదో నరమేనా? రెండూ కలిస్తే కారణం దొరికినట్టు. కలవకపోతే ఇంకా వెతకాలి. రాసిన డాక్టరు కాలు ఎత్తించి, వేలు వంచించి, మోకాలి కింద సుత్తితో కొట్టి చూసి, ఆ రెండిటినీ కలిపి చెబుతారు. ఆ పని నేను ఫిల్ము చూసి చెయ్యలేను. రిపోర్టూ, ఫిల్మూ, సీడీ మూడూ పట్టుకుని ఆయన దగ్గరికే వెళ్లండి.

ఈలోగా అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి. మూత్రం రాక ఉగ్గబట్టినట్టు అవడం గానీ తెలియకుండా పోవడం గానీ, మలం మీద అదుపు తప్పడం, తొడల మధ్య, కూర్చునే చోట స్పర్శ పోవడం, పాదం పైకి ఎత్తలేక చెప్పు జారిపోతుండడం, రెండు కాళ్లూ నీరసించడం, నడుం నొప్పితోపాటు చలిజ్వరం. సిగ్గుపడి అమ్మ ఇవి మీతో చెప్పకపోవచ్చు. అక్క చేత గానీ పిన్ని చేత గానీ ఈ రాత్రే అడిగించండి. వీటిలో ఏ ఒక్కటి ఉందన్నా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి పెద్దాస్పత్రికి బయల్దేరండి, కిడ్నీ రిపోర్టు సంచిలో పెట్టుకుని.